గొలుసు పరిచిన నేల, మర బిగించిన ఇనుము (తూనికలు, కొలతల చరిత్ర – 11వ భాగం)

1795లో ఫ్రాన్సులో శాసనంగా వెలువడిన మెట్రిక్ పద్ధతి, నెపోలియన్ కాలపు వెనుకడుగులన్నీ దాటుకుని, 1840 జనవరి 1 నాటికి గాని ఆ దేశంలో ఏకైక చట్టబద్ధ పద్ధతిగా స్థిరపడలేదన్న వృత్తాంతంతో గత భాగం ముగిసింది. ఆ తరువాతి కాలంలో యూరప్, లాటిన్ అమెరికా, ఆసియా, ఆఫ్రికా దేశాలు ఒకదాని వెంట ఒకటి మీటరును, కిలోగ్రామును స్వీకరించగా, అమెరికా సంయుక్త రాష్ట్రాలు మాత్రం అంగడిలో పౌనునూ, రహదారి మీద మైలునూ, ఇంటి కట్టడంలో అడుగునూ అంగుళాన్నీ ఈనాటికీ నిలుపుకొని ఉన్నాయి. దశాంశ పద్ధతి అంటే గిట్టని దేశం కాదది. పెద్ద ప్రమాణాన్ని పది, నూరు, వేయి భాగాలుగా విభజించే ఆ పద్ధతిని 1792 నాటి నాణేల చట్టంతోనే డబ్బు విషయంలో అమలు చేసి, డాలరును 100 సెంట్లుగా విభజించుకుంది. అంతర్జాతీయ ప్రమాణాలను కాపాడే సంస్థకు పునాది వేసిన 1875 నాటి మీటరు ఒడంబడికపై తొలిగా సంతకం చేసిన 17 దేశాల్లో అది కూడా ఉంది. ఈ రెండు పనులూ చేసిన దేశం మూడోది ఎందుకు చేయలేకపోయిందన్నదే ఈ భాగానికి విషయం.

ఈ ప్రశ్నకు సాధారణంగా వినవచ్చే జవాబులు రెండు: అమెరికన్ల మొండితనం, బయటి ప్రపంచం పట్ల వారి ఉదాసీనత. రెండింటిలోనూ కొంత నిజం ఉన్నా, 230 ఏళ్ల చరిత్రను మోయగల బలం వాటికి లేదు. ఎందుకంటే ఈ దీర్ఘకాలంలో ఆ దేశపు చట్టసభ ముందుకు ఈ విషయం పదే పదే వచ్చింది, ప్రతిసారీ దానిని శ్రద్ధగా చదివి, సాక్ష్యాలు విని, లెక్కలు వేసిన మనుషులే వాయిదా వేశారు. వారి వాదనలను వారి కాలపు పరిస్థితుల్లో నిలిపి చూస్తే, మార్పు తేలికగా ఉన్న రోజుల్లో దాని అవసరం కనబడలేదనీ, అవసరం కనబడే రోజు వచ్చేసరికి పాత కొలత నేలలోకీ ఇనుములోకీ ఇంకిపోయి ఉందనీ అర్థమవుతుంది.

అమెరికా రాజ్యాంగం తూనికల, కొలతల ప్రమాణాన్ని నిర్ణయించే అధికారాన్ని కేంద్ర చట్టసభ అయిన కాంగ్రెస్‌కు అప్పగించింది. తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్ 1790 జనవరిలో కాంగ్రెస్‌కు చేసిన తొలి వార్షిక ప్రసంగంలోనే ఈ విషయాన్ని ప్రస్తావించగా, విదేశాంగ కార్యదర్శి థామస్ జెఫర్సన్ అదే ఏడాది జూలైలో ఒక నివేదిక సమర్పించాడు. అందులో రెండు మార్గాలున్నాయి. మొదటిది ఉన్న ఆంగ్ల కొలతలనే సరిదిద్ది, దేశమంతటా ఒకేలా ఉండేట్టు చేయడం. రెండోది ప్రకృతి నుంచి గ్రహించిన ఒక ప్రమాణం మీద సరికొత్త దశాంశ పద్ధతిని నిర్మించడం. ఆ ప్రకృతి ప్రమాణం సెకను లోలకం, అనగా ఒక కొస నుంచి మరో కొసకు ఊగడానికి సరిగ్గా ఒక సెకను పట్టే ఇనుప కడ్డీ. దాని పొడవును అయిదు సమభాగాలు చేసి ఒక్కో భాగాన్ని అడుగు అనాలని, ఆ అడుగును పది అంగుళాలుగా విభజించాలని, పది వేల అడుగులు ఒక మైలు కావాలని జెఫర్సన్ ప్రతిపాదించాడు. పాత పేర్లను నిలుపుకొంటూ వాటి లెక్కను మార్చడం ఈ ఆలోచనలోని చమత్కారం. ఫ్రాన్సు కొత్త పేర్లను సృష్టించి సొంత ప్రజల చేత అర్ధ శతాబ్దం పాటు తిరస్కారానికి గురైన సంగతి ఎరిగిన పాఠకులకు, జెఫర్సన్ మార్గం జనానికి ఎంత దగ్గరగా ఉండేదో తెలుస్తుంది.

కాంగ్రెస్ ఆ నివేదికను తోసిపుచ్చలేదు, ఆమోదించనూ లేదు. ఫ్రాన్సు, బ్రిటన్ ఏం చేస్తాయో చూసి ముందడుగు వేయడం మంచిదన్న భావన అప్పటి సెనేట్‌లో ఉంది. అంతలో 1791లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు సెకను లోలకాన్ని వదిలి, ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ వరకు ఉన్న దూరంలో కోటవ వంతును మీటరుగా తీసుకోవాలని, అందుకు డంకిర్క్ నుంచి బార్సిలోనా వరకు ఉన్న రేఖాంశ ఖండాన్ని కొలవాలని తీర్మానించింది. లోలకం ఏ దేశమైనా తన గడ్డ మీద తయారు చేసుకోగల ప్రమాణం కాగా, ఈ రేఖాంశ ఖండాన్ని ఫ్రాన్సు, స్పెయిన్‌ల నేల మీద తప్ప కొలవడానికి వీలు లేదు. అన్ని దేశాలకూ సమానంగా చెందవలసిన ప్రమాణం ఒక దేశపు సొత్తుగా మారుతోందని జెఫర్సన్ నొచ్చుకున్నాడు. ఆ నొప్పిలో న్యాయముంది.

ఇక్కడ జోసెఫ్ డొంబే అనే వృక్షశాస్త్రజ్ఞుడి కథ తరచుగా చెప్పబడుతుంది. కొత్త పొడవు, బరువు ప్రమాణాల రాగి నమూనాలను అమెరికాకు అందజేయడానికి ఫ్రాన్సు ప్రభుత్వం 1794లో అతన్ని ఓడ ఎక్కించగా, తుపాను ఆ ఓడను కరీబియన్ దీవుల వైపు నెట్టివేసింది. తరువాత బ్రిటిష్ దోపిడీ నౌకలకు చిక్కిన డొంబే మాంట్సెరాట్ దీవిలో బందీగానే మరణించాడు. ఓడదొంగలు లేకపోతే అమెరికా ఆనాడే మెట్రిక్ దేశమయ్యేదని ముగించడం ఈ కథకు అలవాటైంది. అది చరిత్రకు న్యాయం చేయదు. జెఫర్సన్ అప్పటికే పదవి వదిలి వెళ్లిపోయాడు, ఫ్రాన్సుతో స్నేహం సన్నగిల్లుతోంది, కాంగ్రెస్ మనసు వేరే పనుల మీద ఉంది. ఒక రాగి కడ్డీ సురక్షితంగా రేవు చేరినంత మాత్రాన ఆ పరిస్థితులేవీ మారేవి కావు.

కాంగ్రెస్ మనసు ఉన్న ఆ వేరే పనుల్లో ముఖ్యమైనది భూమి అమ్మకం. స్వాతంత్ర్య యుద్ధపు అప్పులతో కుంగిపోయిన కొత్త ప్రభుత్వానికి పన్నులు వేసే శక్తి లేదు, కాని ఒహాయో నదికి అవతల అపారమైన భూమి ఉంది. ఆ నేల మీద తరతరాలుగా జీవిస్తున్న ఆదివాసుల హక్కులను లెక్కచేయకుండా, దానిని కొలిచి అమ్మి ఖజానా నింపుకోవాలన్నది పథకం. 1784లో ఈ పథకపు తొలి ముసాయిదా రాసిన జెఫర్సన్ అందులోనూ దశాంశ విభజననే కోరి, పది భౌగోళిక మైళ్ల పొడవు, పది భౌగోళిక మైళ్ల వెడల్పు గల చదరాలను సూచించాడు. మరుసటి ఏడాది మే నెలలో కాంగ్రెస్ ఆమోదించిన భూమి శాసనం ఆ పదిని ఆరుగా మార్చింది. దాని ప్రకారం దేశపు పశ్చిమ భూములన్నీ ఆరు మైళ్ల చదరాలుగా, ఒక్కో చదరం 36 భాగాలుగా విడిపోవాలి. సెక్షన్ అని పేరుబడిన ఆ భాగం ఒక మైలు పొడవు, ఒక మైలు వెడల్పుతో 640 ఎకరాలు ఉంటుంది. ఎకరా కనీస ధర ఒక డాలరు.

కొలిచే సాధనం గంటర్ గొలుసు. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గంటర్ అనే ఆంగ్ల గణితజ్ఞుడు రూపొందించిన ఈ గొలుసు పొడవు 66 అడుగులు, దానిలో 100 లింకులు. 80 గొలుసులు ఒక మైలు, పది చదరపు గొలుసులు ఒక ఎకరా. బయటికి ఆంగ్ల కొలతలా కనిపించే ఈ సాధనం లోపల దశాంశ లెక్కను దాచుకుని ఉంది. గొలుసుల్లోనూ లింకుల్లోనూ కొలిచిన పొడవునూ వెడల్పునూ గుణించి, దశాంశ బిందువును జరిపితే చాలు, ఎకరాలు వచ్చేస్తాయి; నాలుగుతోనో పన్నెండుతోనో భాగించే శ్రమ సర్వేయరుకు లేదు. మెట్రిక్ పద్ధతి ఇవ్వజూపిన అతి పెద్ద సౌకర్యం భూమి కొలిచేవాడి చేతిలో ముందే ఉందన్నమాట. ఆంధ్ర, తెలంగాణ రైతులకు ఈ గొలుసు బంధువే. ఎకరాలో నూరవ వంతయిన సెంటు సరిగ్గా 1,000 చదరపు లింకులు, అనగా 48.4 చదరపు గజాలు. ఎకరాలో నలభయ్యో వంతయిన కుంట 33 అడుగుల చదరం, అనగా అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పుతో 121 చదరపు గజాలు.

1785 శరదృతువులో థామస్ హచిన్స్ నాయకత్వంలో ఒహాయో నది ఒడ్డున మొదలైన ఆ కొలత పశ్చిమంగా పసిఫిక్ తీరం దాకా సాగి, ఇప్పటి 30 రాష్ట్రాల నేల మీద గళ్ల గీతలు గీసింది. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం సేద్యం చేయదలచిన కుటుంబానికి ఇచ్చిన 160 ఎకరాలు సెక్షన్‌లో సరిగ్గా పావు వంతు. పల్లె దారులు సెక్షన్ గీతల వెంబడి మైలుకొకటి చొప్పున పడ్డాయి. కంచెలు, పొలం గట్లు, బడికి కేటాయించిన 16వ నంబరు సెక్షన్, కౌంటీ సరిహద్దులు అన్నీ ఆ గళ్లలోనే ఒదిగాయి. ఒక దేశం తన దస్తావేజుల్లోనే కాక నేల రూపంలోనే ఒక కొలతను ఇంత విస్తారంగా చెక్కుకున్న సందర్భం చరిత్రలో అరుదు. మైలును తీసివేసి కిలోమీటరును చట్టంలో రాయవచ్చు. మైలుకొకటిగా పడిన దారులను జరపలేరు.

1817లో సెనేట్ మళ్లీ ఈ విషయాన్ని తలపెట్టి, అప్పటి విదేశాంగ కార్యదర్శి జాన్ క్విన్సీ ఆడమ్స్‌ను నివేదిక కోరింది. నాలుగేళ్ల శ్రమతో ఆయన 1821లో సమర్పించిన నివేదిక ఈ అంశం మీద వెలువడిన గొప్ప రచనల్లో ఒకటి. మెట్రిక్ పద్ధతిలోని ఏకత్వాన్ని, మానవజాతి అంతటికీ ఒకే కొలత ఉండాలన్న ఆశయాన్ని ఆడమ్స్ మనసారా ప్రశంసించాడు, అయినా ఇప్పుడు స్వీకరించవద్దని సలహా ఇచ్చాడు. ఫ్రాన్సులోనే ఆ పద్ధతి ఇంకా నిలవలేదు. 1812లో నెపోలియన్ పాత పేర్లను తిరిగి అనుమతించాడు. అమెరికా వర్తకంలో సింహభాగం బ్రిటన్‌తో జరుగుతోంది. పైగా ప్రజల నిత్య వ్యవహారాన్ని తలకిందులు చేసే అధికారం చట్టానికి ఎంతవరకు ఉందన్న సందేహం ఆయనకు బలంగా ఉంది. ఆ ఏడాదిలో నిలబడి చూస్తే ఇది వివేకవంతమైన సలహాయే. కాని అదే సలహా తరువాతి తరాలకు వాయిదా వేయడానికి ఆధారంగా మిగిలిపోయింది.

ఆడమ్స్ కోరినట్టు బ్రిటన్‌తో సమానంగా ఉండటం కూడా సాధ్యపడలేదు. 1824లో బ్రిటన్ తన కొలతలను సంస్కరించి, పది పౌన్ల నీరు పట్టే కొత్త గ్యాలనును ప్రవేశపెట్టగా, అమెరికా అంతకు ముందటి 231 ఘనపు అంగుళాల ద్రాక్షసారా గ్యాలనునే నిలుపుకుంది. అందుకే నేటికీ అమెరికా గ్యాలను దాదాపు 3.785 లీటర్లు, బ్రిటిష్ గ్యాలను దాదాపు 4.546 లీటర్లు. అమెరికాలో వాడుకలో ఉన్నవి బ్రిటిష్ కొలతలన్న అభిప్రాయాన్ని ఈ ఒక్క తేడాయే సవరిస్తుంది.

1830 దశకంలో జరిగిన మరో పని ఈ కథను నిర్ణయించిందని చెప్పాలి. దిగుమతి సుంకాలే ప్రభుత్వానికి ప్రధాన ఆదాయంగా ఉన్న ఆ రోజుల్లో ఒక్కో రేవులో తూకం ఒక్కో రకంగా ఉందని గుర్తించి, స్విట్జర్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన ఫెర్డినాండ్ హాస్లర్ అనే సర్వే నిపుణుడి చేత ఖజానా శాఖ పరీక్షలు జరిపించింది. ఆయన ఎంపిక చేసిన గజం, పౌను, గ్యాలను, బుషెల్ ప్రమాణాలను 1832లో ఖజానా శాఖ స్వీకరించగా, 1836లో వాటి నమూనాలను ప్రతి రాష్ట్రానికీ పంపాలని కాంగ్రెస్ తీర్మానించింది. ఎవరినీ నిర్బంధించకుండానే, మచ్చుల పంపిణీతోనే దేశమంతటా ఒకే గజం, ఒకే పౌను ఏర్పడ్డాయి.

ఈ ఏకరూపత ప్రాముఖ్యాన్ని తెలుసుకోవాలంటే మెట్రిక్ పద్ధతి వేళ్లూనుకున్న దేశాలను చూడాలి. విప్లవానికి ముందు ఫ్రాన్సులో ఊరికో కొలత, ప్రభువుకో కుంచం. రైతు నష్టపోవడానికి ఆ గందరగోళమే మార్గం. జర్మనీ చిన్నా పెద్దా రాజ్యాలుగా చీలి, ఒక్కో రాజ్యపు అడుగు ఒక్కో పొడవుతో ఉండి, ఏకీకరణ వేళ 1872 నుంచి మీటరును స్వీకరించింది. భారతదేశపు స్థితీ అంతే. మద్రాసు రాజధానిలోని తెలుగు జిల్లాల్లో ఎనిమిది వీశెల మణుగు 25 పౌన్లయితే, ఉత్తరాదిన, రైల్వే లెక్కల్లో చెలామణి అయిన 40 శేర్ల మణుగు 82 పౌన్లకు మించి ఉండేది. ఒకే పేరు గల తూకం మూడింతలకు పైగా మారేది. శేరు, కుంచం, మానిక జిల్లా దాటితే మారిపోయే చోట 1956 నాటి ప్రమాణాల చట్టం కిలోగ్రామును తెచ్చినప్పుడు, అది పరాయి కొలతగా కాక, అందరికీ ఒకటే అయిన తొలి కొలతగా వచ్చింది. 1957 ఏప్రిల్‌లో రూపాయి 100 నయా పైసలుగా మారడం, 1958 అక్టోబరు నుంచి ప్రాంతాల వారీగా, వర్తకాల వారీగా కొత్త తూకాలు రావడం, గడువు తరువాత పాత రాళ్లు చట్టవిరుద్ధం కావడం ఒక క్రమంలో జరిగాయి.

అమెరికాకు ఈ రోగం లేదు. మెట్రిక్ పద్ధతి ఇతర దేశాలకు అరాచకం స్థానంలో క్రమాన్ని ఇచ్చింది. అప్పటికే క్రమం ఉన్న అమెరికాకు అది మరో క్రమాన్ని మాత్రమే ఇవ్వగలదు. అంగడిలో పౌను కొనే మనిషికి ఆ మార్పుతో కలిగే లాభం కంటికి కనబడదు. అమెరికా ప్రతిఘటనకు అసలు మూలం ఇదేనని, తక్కిన కారణాలన్నీ దీని తరువాతివేనని చెప్పడం సమంజసం.

చట్టాలు మాత్రం ఆగలేదు. 1866లో కాంగ్రెస్ మెట్రిక్ కొలతల వాడకాన్ని దేశమంతటా చట్టబద్ధం చేసి, మీటర్లలోనో కిలోగ్రాముల్లోనో రాసుకున్న కారణంగా ఏ ఒప్పందమూ చెల్లకుండా పోదని శాసించింది. 1890లో పారిస్ సమీపంలోని అంతర్జాతీయ సంస్థ నుంచి వచ్చిన 27వ నంబరు మీటరును, 20వ నంబరు కిలోగ్రామును అధ్యక్షుడు బెంజమిన్ హారిసన్ శ్వేతసౌధంలో స్వీకరించాడు. మూడేళ్ల తరువాత ప్రమాణాల అధిపతి థామస్ మెండెన్‌హాల్ జారీ చేసిన ఆజ్ఞ ప్రకారం గజం తన సొంత కడ్డీని వదిలి మీటరులో 3600/3937 వంతు అయింది. పౌను కూడా అదే విధంగా కిలోగ్రాములో ఒక భాగంగా నిర్వచితమైంది. అంటే 1893 నుంచి అమెరికా అడుగు, అంగుళం, పౌను అన్నీ మెట్రిక్ ప్రమాణానికి వేరే పేర్లు మాత్రమే. శాస్త్రజ్ఞుడి దృష్టిలో అమెరికా ఆనాడే మారింది. పనివాడి దృష్టిలో ఏమీ మారలేదు.

ఆ పనివాడి గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ చరిత్రలో అతని వాదన ఎక్కువగా అపహాస్యానికే గురైంది. 19వ శతాబ్దపు ఉత్తరార్ధంలో అమెరికా పరిశ్రమ సాధించిన ఘనత ఒకదాని బదులు మరొకటి అమరే విడిభాగాల తయారీ. దానికి ప్రాణం మర. బోల్టు మీద మర చుట్లు అంగుళానికి ఎన్ని, వాటి కోణం ఎంత అన్నది ఊరూరా ఒకేలా ఉంటే తప్ప ఒక కర్మాగారపు నట్టు మరో కర్మాగారపు బోల్టుకు ఎక్కదు. 1864లో ఫిలడెల్ఫియా యంత్ర నిర్మాత విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణంతో, అంగుళాల లెక్కన ఒక వరుస ప్రమాణాలను ప్రతిపాదించగా, రైల్వేలు, ప్రభుత్వ శాఖలు, యంత్రశాలలు క్రమంగా వాటిని స్వీకరించాయి. మరలు కోసే లేత్ యంత్రంలోని ప్రధాన మర అంగుళాల లెక్కది. లోపలి మర కోసే ట్యాపులు, బయటి మర కోసే డైలు, కొలిచి చూసే గేజీలు, బొమ్మ గీసిన కాగితాలు, కార్మికుడి వేళ్లకు అలవాటైన అంచనా అన్నీ అంగుళాలవే. అంగుళాన్ని మీటరులో ఒక భాగంగా నిర్వచించడానికి ఒక కాగితం చాలింది. యంత్రశాలను మార్చాలంటే ఇనుము మొత్తం మార్చాలి, మార్చిన తరువాత కూడా పాత యంత్రాల మరమ్మతు కోసం పాత పనిముట్లు దశాబ్దాల పాటు ఉంచుకోవాలి.

అందువల్లనే శాస్త్రజ్ఞులు ప్రవేశపెట్టించిన ప్రతి మెట్రిక్ బిల్లునూ యంత్ర ఇంజినీర్లు ఎదుర్కొన్నారు. 1896లో ప్రతినిధుల సభలో అతి స్వల్ప ఆధిక్యంతో నెగ్గిన ఒక బిల్లు వెంటనే మళ్లీ కమిటీకి తిరిగి వెళ్లి అక్కడే ముగిసింది. 1904లో ఫ్రెడరిక్ హాల్సీ, శామ్యూల్ డేల్ కలిసి వెలువరించిన మెట్రిక్ వ్యతిరేక గ్రంథం, చట్టాలు చేసిన దేశాల్లో సైతం పాత కొలతలు చావలేదని ఉదాహరణలతో చూపింది. వీరికి పక్కనే మరో వర్గం ఉండేది: ఆంగ్ల అంగుళం ఈజిప్టు మహా పిరమిడ్‌లో నిక్షిప్తమైన దైవదత్త ప్రమాణమని నమ్మిన రైల్వే ఇంజినీరు చార్లెస్ లాటిమర్ వంటివారు 1879లో బాస్టన్‌లో ఒక సంస్థను స్థాపించి పత్రిక నడిపారు. చరిత్రకారులకు ఈ రెండో వర్గం ఆకర్షణీయంగా కనబడటం వల్ల మొదటి వర్గపు లెక్కలు మరుగున పడ్డాయి. కాంగ్రెస్‌ను ఆపినవి పిరమిడ్ నమ్మకాలు కావు, యంత్రశాలల ఖర్చు పట్టికలు.

రెండో ప్రపంచ యుద్ధం ఆ ఇనుమును ఇంకా బిగించింది. బ్రిటన్‌లో జోసెఫ్ విట్వర్త్ 1841లో ప్రతిపాదించిన మర కోణం 55 డిగ్రీలు, అమెరికాది 60 డిగ్రీలు కావడం వల్ల, మిత్రదేశాల యుద్ధ సామగ్రి ఒకరిది మరొకరికి అమరక పడిన అవస్థ నుంచి గుణపాఠం తీసుకుని, 1948లో అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒక ఉమ్మడి మర ప్రమాణాన్ని అంగీకరించాయి. అది 60 డిగ్రీల కోణంతో, అంగుళాల లెక్కన ఏర్పడింది. మెట్రిక్ వైపు జరగడానికి అనువైన ఆ క్షణంలో ప్రపంచపు అతి పెద్ద పారిశ్రామిక శక్తి అంగుళాన్నే మరింత పటిష్ఠం చేసుకుంది. 1959లో ఆంగ్లం మాట్లాడే ఆరు దేశాలు గజాన్ని 0.9144 మీటరుగా, పౌనును 0.45359237 కిలోగ్రాముగా స్థిరపరచుకోవడంతో అంగుళం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లయింది.

1965లో బ్రిటన్ తాను మెట్రిక్ వైపు మళ్లుతున్నట్టు ప్రకటించడంతో అమెరికా ఒంటరితనం బయటపడింది. 1968లో కాంగ్రెస్ ఆదేశించిన అధ్యయనం 1971లో పూర్తయి, పదేళ్ల జాతీయ ప్రణాళికతో మార్పు చేపట్టాలని సిఫారసు చేసింది. 1975 డిసెంబరులో అధ్యక్షుడు జెరాల్డ్ ఫోర్డ్ సంతకంతో మెట్రిక్ మార్పిడి చట్టం వచ్చింది. కాని అధ్యయనం కోరిన గడువు ఆ చట్టంలో లేదు. మార్పు స్వచ్ఛందంగా జరగాలని మాత్రమే అందులో ఉంది. 17 మంది సభ్యుల మెట్రిక్ బోర్డు సమన్వయం చేయగలదు, బోధించగలదు, ఎవరినీ ఆదేశించలేదు. ఇక్కడే ఆస్ట్రేలియా మార్గం వేరైంది. 1970లో చట్టం చేసిన ఆ దేశం ఒక్కో పరిశ్రమకూ తేదీలు నిర్ణయించి, 1974 జూలైలో రహదారి ఫలకాలన్నింటినీ కొద్ది వారాల్లో మార్చివేసింది.

కొలత మార్పులో ఖర్చు ఈనాటిది, లాభం రేపటిది. ఖర్చు ఫలానా వ్యక్తి జేబులోంచి పోతుంది, లాభం సమాజమంతటా పంపిణీ అవుతుంది. అలాంటి పనిలో ఎవరి ఇష్టానికి వారిని వదిలేస్తే, అందరూ కదిలే దాకా ఎవరూ కదలరు. సొంత పనిముట్ల పెట్టెతో పనికి వెళ్లే మెకానిక్ కొత్త పానాలు తనే కొనుక్కోవాలి. అందుకే కార్మిక సంఘాలు అడ్డు నిలిచాయి, చిన్న వ్యాపారులు వెనకాడారు. 1977లో రహదారి ఫలకాలను కిలోమీటర్లలోకి మార్చే ప్రతిపాదన ప్రజల నుంచి వచ్చిన వ్యతిరేకతకు తలవంచింది. అరిజోనాలో టూసాన్ నుంచి మెక్సికో సరిహద్దులోని నొగాలెస్ దాకా దాదాపు 100 కిలోమీటర్ల రహదారి మాత్రం ఆ ప్రయత్నపు ఆనవాలుగా కిలోమీటరు ఫలకాలతో మిగిలింది. 1982లో అధ్యక్షుడు రోనాల్డ్ రేగన్ ఖర్చు తగ్గింపులో భాగంగా బోర్డును రద్దు చేశాడు.

ఇంతటితో మార్పు ఆగిందనుకుంటే పొరపాటు. ప్రపంచ విపణిలో అమ్ముకోవలసిన చోట అమెరికా నిశ్శబ్దంగా మారింది. మోటారు వాహనాల పరిశ్రమ 1970 దశకం నుంచి మిల్లీమీటర్ల వైపు జరిగింది. 1980 నాటికి మద్యం సీసాలు 750 మిల్లీలీటర్లవయ్యాయి. శీతల పానీయాలు రెండు లీటర్ల సీసాల్లో వస్తున్నాయి. మందుల మోతాదు మిల్లీగ్రాముల్లోనే ఉంటుంది. 1988 నాటి వాణిజ్య చట్టం మెట్రిక్‌ను వర్తకానికి అభిలషణీయ పద్ధతిగా ప్రకటించగా, 1992 సవరణ చాలా సరుకుల పొట్లాల మీద రెండు కొలతలనూ ముద్రించాలని నిర్బంధించింది. అదే దశకంలో రహదారి నిర్మాణానికి మెట్రిక్ తప్పనిసరి చేయబోయిన కేంద్రం, 1998లో ఆ నిర్ణయాన్ని రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది.

సగం మారిన స్థితిలో ప్రమాదం రెండు పద్ధతులు కలిసే సరిహద్దు దగ్గర ఉంటుంది. 1998 డిసెంబరులో బయలుదేరిన అంగారక వాతావరణ పరిశోధక నౌక 1999 సెప్టెంబరు 23న ఆ గ్రహాన్ని చేరుతూనే నశించింది. చిన్న ఇంజన్లు నౌకకు ఇచ్చిన తోపును ఒక భూకేంద్రపు సాఫ్ట్‌వేర్ పౌను బలం–సెకన్లలో రాయగా, మార్గాన్ని లెక్కించే సాఫ్ట్‌వేర్ దానిని న్యూటన్–సెకన్లుగా భావించింది. ఒక పౌను బలం దాదాపు 4.45 న్యూటన్లు కావడంతో లెక్క అన్నింతలు తప్పి, నౌక అనుకున్నదానికన్నా చాలా తక్కువ ఎత్తులో అంగారక వాతావరణంలోకి చొరబడింది. నష్టం కోట్ల డాలర్లది. ఇళ్లలో జరిగే పొరపాట్లు వార్తలకెక్కవు గాని తక్కువవి కావు. పిల్లల ద్రవ మందులను చెంచాల లెక్కన పోయడం వల్ల మోతాదు తప్పుతోందని, మిల్లీలీటర్లు మాత్రమే వాడాలని అమెరికా శిశువైద్యుల సంఘం 2015లో సూచించింది.

అయితే చట్టం పూర్తిగా అమలైన దేశాల్లోనూ శరీరానికి, నేలకు దగ్గరైన కొలతలు అంత తేలికగా పోవని తెలుగునాడే రుజువు చేస్తుంది. ఆరు దశాబ్దాలకు పైగా కిలోలు, లీటర్లు వాడుతున్న ఇళ్లలో జ్వరం ఇప్పటికీ ఫారన్‌హీట్ డిగ్రీల్లో 102, 103 అని చెబుతారు; పెళ్లి సంబంధాల్లో ఎత్తు అడుగుల్లో, అంగుళాల్లో అడుగుతారు; ఇంటి స్థలం గజాల్లో, పొలం ఎకరాల్లో బేరం చేస్తారు. అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు మైలు, గ్యాలను కొత్తగా నేర్చుకోవలసి వచ్చినా అడుగు, అంగుళం, ఎకరా ఊరి నుంచి వెంట తెచ్చుకున్నవే.

ఈ చరిత్రలో చివరి అధికారిక ఘట్టం భూమి కొలతకే సంబంధించినది. 1959లో అడుగు సరిగ్గా 0.3048 మీటరు అయినప్పుడు, పాత సర్వేలను తిరగరాయకుండా ఉండేందుకు 1893 నాటి నిర్వచనంతో, అంటే 1200/3937 మీటరుగా, సర్వే అడుగు అనే రెండో అడుగును తాత్కాలికంగా ఉండనిచ్చారు. రెండింటి మధ్య తేడా పది లక్షల అడుగులకు రెండు అడుగులు. ఒక గది కొలతలో అది కంటికి ఆనదు, కాని రాష్ట్రమంతటికీ ఒకే మూలబిందువు నుంచి దూరాలను లెక్కించే సర్వేలో వంతెన స్తంభాన్నీ పొలం హద్దునూ జరపగలదు. కొన్ని రాష్ట్రాలు ఒక అడుగును, ఎక్కువ రాష్ట్రాలు మరో అడుగును చట్టంలో రాసుకోవడంతో సర్వేయర్లు ఎన్నో చిక్కులు పడ్డారు. తాత్కాలికమనుకున్న ఆ సర్వే అడుగును రద్దు చేయడానికి 63 ఏళ్లు పట్టి, 2022 డిసెంబరు 31తో దాని గడువు తీరింది. దాని స్థానంలో సర్వేయర్లకు ఇచ్చినది మీటరును కాదు, 0.3048 మీటరు అడుగునే.